8వ తరగతి బాబుకి వేలిముద్రల టెస్టు చేసి ‘లెక్కలు రావు’ అని రాసిచ్చారు. నమ్మాలా?

కూకట్‌పల్లి_అమ్మ
మా బాబు 8వ తరగతి. కిందటి నెల స్కూలుకి ఎవరో వచ్చి పిల్లల పది వేళ్ళ ముద్రలూ స్కానర్ మీద తీసుకున్నారు. డీఎంఐటీ అంటారట. ఫీజు 4,500. మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో 30 పేజీల రంగుల రిపోర్టు చేతిలో పెట్టారు. వాడి తెలివినంతా ఎనిమిది ముక్కలుగా కోసి బొమ్మ గీశారు. సంగీతం ఇంత శాతం, మాటలు ఇంత శాతం... లెక్కలు, తర్కం దగ్గర 8.2 శాతం. దాని కింద ఎర్ర అక్షరాల్లో ‘ఎంపీసీకి అనుకూలం కాదు’. వారం తిరక్కుండానే ఫౌండేషన్ సెక్షన్ నుంచి తీసి ఇంకో సెక్షన్‌లో వేశారు.

సెక్షన్ మార్చినందుకు కాదు నా బాధ. నిన్న రాత్రి లెక్కల పుస్తకం ముందేసుకుని పెన్ను మూత తీయడం, పెట్టడం, తీయడం, పెట్టడం. పావుగంట చూశాను. ఏంట్రా అంటే, “నాకు 8 శాతమే ఉంది కదమ్మా, ఊరికే ఎందుకు” అన్నాడు. ఎక్కాలు పాటలా పాడుకుంటూ ఇల్లంతా తిరిగిన పిల్లాడు వాడు. మావారు ఇది సైన్స్ అంటున్నారు. మా అత్తగారు చెయ్యి చూసి జాతకం చెప్పడమే కదా అంటున్నారు. తెలిసినవాళ్ళు చెప్పండి, రెండు రోజులుగా ఒకటే టెన్షన్.

చింతచెట్టు
మీ అత్తగారి మాట వినండి.

సైకాలజీ_నీలిమ
క్లినికల్ సైకాలజిస్టుని, అందుకే గట్టిగా చెబుతున్నా. వేలి గీతలు పిల్లాడు కడుపులో ఉండగానే, ఆరో నెలలోపే ఖరారైపోతాయి. ఆ తర్వాత చదివినా, ఆడినా, జ్వరం వచ్చినా మారవు. వాటిని చూసి ఏ రకం తెలివి ఎంత శాతమో చెప్పడానికి ఆధారం లేదు. ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ కూడా ఈ పరీక్షకు శాస్త్రీయత లేదని ప్రకటించింది.

ఎనిమిది ముక్కలన్నారు కదా, అవి హోవర్డ్ గార్డనర్ అనే సైకాలజిస్టు చెప్పిన బహుళ ప్రజ్ఞల (తెలివి ఒకటి కాదు, రకరకాలు అనే వాదం) నుంచి తెచ్చుకున్నవి. 1983లో ఆయన ఏడు చెప్పి, తర్వాత ప్రకృతి గురించిన ప్రజ్ఞని కలిపారు. వేళ్ళు చూసి కొలవమని ఆయన ఎక్కడా చెప్పలేదు. ఆయన పేరు పక్కన పెట్టుకుని అమ్ముకుంటున్నారంతే.

ముందు ఆ రిపోర్టుని బాబు కంటపడకుండా తీసెయ్యండి.

లెక్కల_రాజు
వేలిముద్రల సంగతి నీలిమగారు చెప్పింది నూటికి నూరు. కానీ ఆ కోపంలో ఐక్యూ మొత్తం బూటకం అనేదాకా వెళ్ళకండి. 1904లో స్పియర్‌మన్ అనే సైకాలజిస్టు బడిపిల్లల మార్కులు చూసి గమనించింది ఒకటుంది. ఒక సబ్జెక్టులో బాగా చేసేవాళ్ళు మిగతావాటిలోనూ మొత్తమ్మీద బాగానే చేస్తారు. అన్నిటి వెనకా ఉమ్మడిగా ఏదో ఉంది, దాన్ని జి అన్నాడు. వందేళ్ళుగా ఎన్ని రకాలుగా పరీక్షించినా ఆ ఉమ్మడితనం కనిపిస్తూనే ఉంది.

గార్డనర్ చెప్పింది వినడానికి తియ్యగా ఉంటుంది, కొలిచి చూసిన ఆధారం మాత్రం తక్కువ. ‘మీవాడికి లెక్కలు లేకపోతేనేం, సంగీతం ఉంది’ అని ఓదార్చడం కూడా ఒక రకంగా ముద్ర వేయడమే.

టెట్_టు_డీఎస్సీ
స్పియర్‌మన్ ద్వికారకం, థర్‌స్టన్ సామూహిక కారకం, గార్డనర్ బహుళ ప్రజ్ఞ, స్టెర్న్‌బర్గ్ త్రిచాపం. తెలివి గురించిన ఈ సిద్ధాంతాలన్నీ మా కోచింగ్‌లో పట్టిక వేయించి బట్టీ పట్టించారు. సంవత్సరాలు కూడా నిద్రలో లేపి అడిగినా చెబుతా. కానీ పెన్ను మూత తీసి పెడుతూ కూర్చున్న పిల్లాడికి వీటిలో ఏది చెప్పాలో ఎవరూ నేర్పలేదు.

ఒక డౌట్. పిల్లల ఆలోచన దశలవారీగా పెరుగుతుందన్న పియాజే ప్రకారం 11 ఏళ్ళకి అమూర్త నియత ప్రచాలక దశ, అంటే కళ్ళెదుట లేనివాటి గురించి కూడా తర్కంతో ఆలోచించే దశ, మొదలవ్వాలి. ఈ బాబుకి 13. అంటే ఆల్జీబ్రా లాంటివి ఈపాటికి వచ్చేయాలా?

లెక్కల_రాజు
ఆ దశ పేరు పలకడానికే ఒక దశ కావాలి తమ్ముడూ.

పాలకొల్లు_మాస్టారు
11 అనేది మొదలయ్యే వయసు నాయనా, పూర్తయ్యే వయసు కాదు. పియాజేయే 1972లో తన మాట సవరించుకున్నాడు. కొందరికి 15 నుంచి 20 ఏళ్ళ మధ్యన వస్తుందనీ, అదీ తనకు అలవాటైన పనిలో ముందు కనిపిస్తుందనీ రాశాడు. మెకానిక్ కుర్రాడికి ఇంజను దగ్గర వచ్చే ఆలోచన వ్యాకరణం దగ్గర రాకపోవచ్చు.

నేను హైస్కూల్లో 31 ఏళ్ళు ఫిజిక్స్ చెప్పాను. లోలకం పాఠం వచ్చినప్పుడల్లా కిటికీ ఊచకి పురికొస కట్టి, రెండు తాళంకప్పలు ఇచ్చేవాణ్ణి, ఒకటి ట్రంకుపెట్టెది, ఒకటి బడి గేటుది. ఊగడం త్వరగా అవ్వాలంటే ఏం మార్చాలి? తాడు పొడవా, బరువా, ఎంత దూరం లాగి వదలాలన్నదా, ఎంత గట్టిగా తోయాలన్నదా? ఇది పియాజే, ఆయనతో పనిచేసిన ఇన్‌హెల్డర్ పిల్లలకు పెట్టిన పరీక్షేనని బీఈడీ చదివేటప్పుడు తెలిసింది.

ఏడో తరగతి వాళ్ళు గేటు తాళం కట్టి, తాడు కూడా పొట్టి చేసి, ‘బరువు వల్లే సార్’ అని కేకలు వేసేవాళ్ళు. రెండూ ఒకేసారి మార్చేస్తారు. ఏది మార్చినందుకు ఏం జరిగిందో తెలియదని వాళ్ళకి తట్టదు. చెప్పినా తలూపుతారు, మళ్ళీ అదే చేస్తారు.

ఒక అమ్మాయి ఉండేది. ఏడులో లెక్కల్లో 35కి అటూ ఇటూ. తొమ్మిదో తరగతిలో ఒకరోజు చిన్న తాళం విప్పి పెద్దది కడుతూ, పురికొస ముడి దగ్గర చూపుడువేలితో నొక్కి పట్టుకుంది. ఏమ్మా అంటే, “పొడుగు మారకూడదు కదా సార్” అంది. ఆ వేలు నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది. ఆ రోజు క్లాసు ఫస్టు వచ్చే కుర్రాడు ఇంకా రెండూ కలిపే మారుస్తున్నాడు. అప్పటిదాకా ఎవరు ఆ పిల్లని పరీక్షించినా ‘రాదు’ అనే రాసేవాళ్ళు.

చింతచెట్టు
చూడాల్సింది వేలిముద్ర కాదు, ఆ వేలిని.

వైజాగ్_నాన్న
టెస్టులన్నీ చెడ్డవే అన్నట్టు మాట పోతోంది, అందుకే రాస్తున్నా. మా పాప 6వ తరగతి దాకా బద్ధకం, మొద్దు అనిపించుకుంది. నేనూ అన్నాను. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే గొంతు పట్టేస్తుంది. సరైన చోట సరైన పరీక్షలు చేయిస్తే తెలివికి లోటు లేదు, చదవడంలో డిస్లెక్సియా అని తేలింది. పుస్తకంలో అక్షరాలు దానితో ఆడుకుంటున్నాయి, బుర్ర కాదు. ఇప్పుడు 10వ తరగతి. పరీక్షల్లో అదనపు సమయం ఇస్తున్నారు. సైన్స్ పాఠాలు ఎవరైనా పైకి చదివి వినిపిస్తే ఒక్కసారికే చెబుతుంది.

మాకు మేలు చేసింది ఆ కాగితమే. వచ్చిన స్కోరు పిల్లలకి సాయం తెస్తుందా, తలుపు మూసేస్తుందా అన్నది చూడాలి.

సైకాలజీ_నీలిమ
@వైజాగ్_నాన్న, మీరు చెప్పిందే అసలు మొదలు. 1904లో ఫ్రాన్స్ ప్రభుత్వం పిల్లల గురించి కమిటీ వేస్తే, 1905లో ఆల్ఫ్రెడ్ బినే, సైమన్ కలిసి మొదటి ప్రజ్ఞా పరీక్ష తయారుచేశారు. బడిలో వెనకబడుతున్న పిల్లల్లో ఎవరికి ప్రత్యేక సాయం కావాలో పట్టుకోవడానికే. తెలివి ఇంతే, ఇక పెరగదు అనే వాదాన్ని బినే గట్టిగా ఖండించారు, సాధనతో పెరుగుతుందన్నారు. 1911లో చనిపోయారు. ఆ మరుసటి ఏడు స్టెర్న్ మానసిక వయసుని అసలు వయసుతో భాగించి ఐక్యూ అనే అంకె చేశాడు, 1916లో అమెరికాలో టెర్మన్ దాన్ని స్థిరపరిచాడు. సాయం కోసం పుట్టిన పరీక్ష అక్కడి నుంచి జల్లెడ అయింది.

డాలస్_శ్రీను
జల్లెడ అంటే ఇక్కడికి వచ్చి చూడాలి. మా దగ్గర స్కూళ్ళలో చిన్న క్లాసుల్లోనే గిఫ్టెడ్ ప్రోగ్రాంకి కాగాట్ అనే పరీక్ష పెడతారు. మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో దాని ప్రాక్టీస్ పుస్తకాల పీడీఎఫ్‌లు తిరుగుతూ ఉంటాయి. మావాడికి ఆరేళ్ళప్పుడు నేనూ వేసవి అంతా చేయించాను. సీటు వచ్చింది. పక్కింటి పిల్లాడికి రాలేదు, వాళ్ళకి ఆ పుస్తకాలున్నాయని తెలియదు పాపం. ఇప్పుడు ఇద్దరూ 9వ గ్రేడు, ఒకే మ్యాథ్ క్లాసులో కూర్చుంటున్నారు. ఆ పిల్లాడే మావాడికి జామెట్రీ చెబుతున్నాడు.

రాజుగారూ, కోచింగ్‌తో మారేది పుట్టుతెలివి ఎలా అవుతుంది?

లెక్కల_రాజు
ప్రాక్టీసుతో ఆ పరీక్ష మార్కు పెరుగుతుంది, జి పెరిగినట్టు కాదు. అందుకే సరైన పరీక్షల ప్రశ్నలు బయటపెట్టరు. ఐక్యూ గాలివాటం కాదనడానికి ఒక్కటి చెబుతా. 1932 జూన్ 1న స్కాట్లండ్‌లో 1921లో పుట్టిన బడిపిల్లలందరికీ ఒకే పరీక్ష పెట్టారు, 87 వేల మందికి పైగా. 66 ఏళ్ళ తర్వాత వాళ్ళలో కొందరిని వెతికి పట్టుకుని అదే పరీక్ష మళ్ళీ పెడితే, రెండుసార్లు వచ్చిన మార్కుల మధ్య సహసంబంధం 0.63 (పూర్తిగా పొంతన ఉంటే 1). ముసలితనం వరకూ అంత నిలిచేది మనిషిలో ఇంకేముంది చెప్పండి?

సైకాలజీ_నీలిమ
0.63 గుంపు గురించి చెప్పే మాట రాజుగారూ. ఒక్కొక్క పిల్లాడి విషయంలో చాలా కదలికకి అందులో చోటుంది. యూనివర్సిటీ కాలేజ్ లండన్ వాళ్ళు 33 మంది పిల్లలకి 2004లో ఒకసారి, సుమారు నాలుగేళ్ళ తర్వాత ఇంకోసారి ఐక్యూ పరీక్షలు పెట్టి, మెదడు స్కాన్లు తీశారు. మొదటిసారి వాళ్ళ వయసు 12 నుంచి 16. కొందరికి 20 పాయింట్ల దాకా పెరిగింది, కొందరికి అంతే తగ్గింది. ఆ మార్పుకి తగ్గట్టు మెదడులో కూడా తేడా కనిపించింది. 2011లో నేచర్ పత్రికలో వచ్చింది. ఎక్కువమంది సగటు 100కి అటూ ఇటూ 15 లోపే ఉండే కొలతలో 20 అంటే చిన్న సంగతి కాదు.

లెక్కల_రాజు
33 మందే కదా.

సైకాలజీ_నీలిమ
నిజమే, తక్కువే. కానీ మనం మాట్లాడుతున్నది ఒక్కడి గురించి. ఆ ఒక్కడికి 13 ఏళ్ళు.

ఆ వయసు మెదడు సంగతి కూడా చెబుతా. నుదుటి వెనక భాగంలో బూడిదరంగు పదార్థం 12 ఏళ్ళ దగ్గర బాగా ఒత్తుగా ఉంటుంది. అక్కడి నుంచి వాడని కనెక్షన్లు కత్తిరించుకుంటూ, వాడేవాటికి పైపూత వేసుకుంటూ పోతుంది. వరి నాట్లలో కలుపు తీసినట్టు అనుకోండి. ప్లాన్ వేసుకోవడం, మనసుని పట్టి ఉంచడం చూసుకునే ఈ భాగం పూర్తిగా కుదుటపడేసరికి 20లు సగం దాటుతాయి. కలుపు తీసే మధ్యలో వచ్చి పంట కొలుస్తామంటే ఎలా?

ఇందూరు_పిల్ల
ఎవరూ మాట్లాడని సంగతి ఒకటి చెప్తా. మా అమ్మ నిజామాబాద్‌లో కూరగాయలు అమ్మేది. మా తమ్ముడు బడి అయిపోగానే తక్కెడ దగ్గర కూర్చునేటోడు. ముప్పావుకిలో బెండకాయ, పావు మిర్చి, రెండు కట్టల పాలకూర, 200 ఇస్తే చిల్లర ఎంత అంటే కొనేవాళ్ళు సంచి తెరిచే లోపల చేతిలో పెట్టేటోడు. బడిలో దశాంశాల లెక్కలో సున్న. సార్ బెంచీ మీద నిలబెట్టిండు.

డిగ్రీలో ఉన్నప్పుడు బ్రెజిల్‌లో రెసిఫె అనే ఊరి పిల్లల గురించి చదివి ఏడ్చిన. 1985 నాటి పరిశోధన. వీధిలో కొబ్బరికాయలు, నిమ్మకాయలు అమ్మే పిల్లలు బేరం దగ్గర నూటికి 98 లెక్కలు కరెక్టుగా చేసిండ్రు. అవే లెక్కలు అంకెలుగా కాగితం మీద ఇస్తే 37. 2025లో వచ్చిన పరిశోధనలో మన కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లల మీద కూడా ఆర్థికవేత్తలు బెనర్జీ, డుఫ్లోల బృందం చూసింది. బజారు పిల్లలకి కాగితం లెక్క రాలే, బడి పిల్లలకి బజారు లెక్క రాలే.

రాజన్నా, మా తమ్ముని జి ఎక్కడ కొలవాలె? తక్కెడ దగ్గరనా, బెంచీ మీదనా?

లెక్కల_రాజు
రెండు చోట్లా కొలవాలి అక్కా. ఇది మంచి ప్రశ్న, నేను తప్పించుకోను. మంచి పరీక్షలో మాటలతో పనిలేని భాగం ఉంటుంది. మన దేశంలో భాటియా 1955లో చదువురాని పిల్లలకి కూడా పెట్టేలా రంగు ఘనాలు, పలకలతో పరీక్ష చేసింది అందుకే. అది కూడా మీ తమ్ముడు తక్కెడ దగ్గర చేసింది పూర్తిగా పట్టుకుంటుందని చెప్పను.

ఇంటర్_ఎంపీసీ
నేను ఇంటర్ ఫస్టియర్, హాస్టల్‌లో ఉంటున్నా. ఆ బాబు గురించి చెప్పాలనిపించింది ఆంటీ. మా దగ్గర ప్రతి వారం ర్యాంకులు గోడ మీద అంటిస్తారు, ర్యాంకుని బట్టి సెక్షన్ మారుస్తారు. కింది సెక్షన్‌కి పడిన వారం మెస్‌లో ప్లేటు పట్టుకుని నడుస్తుంటే అందరూ నన్నే చూస్తున్నారనిపించింది. మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. తర్వాత మా రూమ్మేట్‌ని అడిగితే వాడు అసలు గమనించనే లేదన్నాడు. వాడిది వాడికే టెన్షన్. బాబు లెక్కలు రాక కాదు, క్లాసులో చెయ్యెత్తితే ‘8 శాతం’ అంటారని భయపడుతున్నాడేమో అడగండి.

ఇంకోటి, పొద్దున 5కి స్టడీ అవర్. పుస్తకం తెరిచే ఉంటుంది, నేనే ఉండను.

సైకాలజీ_నీలిమ
బంగారంలా చెప్పావు నాన్నా. 1967లో డేవిడ్ ఎల్‌కైండ్ దీనికి ఊహా ప్రేక్షకులు అని పేరు పెట్టాడు. ఇతరులు ఏమనుకుంటున్నారో ఊహించే శక్తి ఈ వయసులో కొత్తగా వస్తుంది. ఆ కొత్తలో అందరి ఆలోచనల్లోనూ తానే ఉన్నాననిపిస్తుంది. ఇది తెలివి పెరుగుతున్న గుర్తే, నొప్పి మాత్రం నిజం నొప్పే.

5 గంటల సంగతి కూడా నీ తప్పు కాదు. ఈ వయసులో ఒంట్లో నిద్ర గడియారం ఆలస్యంగా నడుస్తుంది, రాత్రి త్వరగా నిద్ర రాదు. పొద్దున్నే లేపితే మిగిలే నిద్ర చాలదు. ముందు కడుపునిండా తిను.

ఇందూరు_పిల్ల
తమ్ముడూ, ఇంటికి ఫోన్ చేసి అమ్మతోని మాట్లాడు ఈరోజు.

డాలస్_శ్రీను
ఇక్కడ స్కూళ్ళలో గోడల నిండా ‘గ్రోత్ మైండ్‌సెట్’ పోస్టర్లు. తెలివి పెరుగుతుందని నమ్మితే చాలు పెరుగుతుందని. అది పనిచేస్తుందా?

లెక్కల_రాజు
పోస్టరుతో కాదు. 2019లో వచ్చిన ఒక పరిశోధనలో అమెరికాలో 9వ గ్రేడు పిల్లలు సుమారు 12 వేల మందికి గంటలోపు ఆన్‌లైన్ పాఠం చెప్పి చూశారు. మార్కులు తక్కువ వచ్చే పిల్లల గ్రేడు సగటు 0.1 పాయింటు పెరిగింది. చిన్నదే. గంటలోపు పనికి అదైనా రావడం నాకు ఆశ్చర్యమే. అలాంటప్పుడు ‘నీకు 8 శాతమే’ అని 30 పేజీల్లో రాసిచ్చి నమ్మిస్తే ఎంత నష్టం చేస్తుందో ఆలోచించండి. ఈ ఒక్క విషయంలో నేను నీలిమగారి పక్కనే.

కూకట్‌పల్లి_అమ్మ
అందరివీ రెండుసార్లు చదివాను. మావారికి కూడా చదివి వినిపించాను. ఇంటర్ బాబు చెప్పింది నిజమే, క్లాసులో ఒకడు వీణ్ణి ‘ఎయిట్ పాయింట్ టూ’ అని పిలుస్తున్నాడట. అడిగితే చెప్పి బాత్‌రూమ్‌లోకి వెళ్ళిపోయాడు. ఎంతసేపు ఏడ్చాడో.

ఇప్పుడు నిజమైన టెస్టు ఏదైనా చేయించాలా? చేయిస్తే ఎక్కడ?

సైకాలజీ_నీలిమ
చదవడం, రాయడం, అంకెలు తారుమారవడం లాంటి ఇబ్బంది చిన్నప్పటి నుంచీ ఉంటే చేయించండి. లేకపోతే ఇప్పుడే వద్దు, ఇంకో అంకె వాడి మెడలో వేయకండి. చేయిస్తే ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టు దగ్గరే. మీకు దగ్గర్లో సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ నీపిడ్ ఉంది, అక్కడ అడగండి. ఒకే స్కోరు రాసిచ్చి పంపేవాళ్ళని నమ్మొద్దు. ఏ పనిలో ఎక్కడ ఆగుతున్నాడు, ఏ సాయం ఇస్తే కదులుతున్నాడు అన్నది రాసివ్వాలి.

ఈలోగా పక్కన కూర్చోండి, చెప్పకండి. ఒంటరిగా చేయలేని లెక్క పక్కన మనిషి ఉంటే ఎంతవరకు చేస్తున్నాడో చూడండి. ఒంటరిగా చేసేదానికీ, తోడుతో చేసేదానికీ మధ్య ఉన్న దూరం అది. వైగాట్‌స్కీ అనే సైకాలజిస్టు చూడమన్నది దాన్నే.

టెట్_టు_డీఎస్సీ
ఆ దూరం పేరే సామీప్య వికాస మండలం! దీని మీద బిట్టు తప్పు పెట్టాను కిందటిసారి. ఇంక జన్మలో తప్పు పెట్టను.

వైజాగ్_నాన్న
స్కూలుకి ఉత్తరం కూడా రాయండి అమ్మా. ఏ ఆధారంతో సెక్షన్ మార్చారో రాతపూర్వకంగా అడగండి. నోటిమాటగా అడిగితే దాటేస్తారు.

కూకట్‌పల్లి_అమ్మ
పది రోజుల తర్వాత వస్తున్నా. ఉత్తరం ఇచ్చాం, నేనూ ఇంకో ఆరుగురు తల్లిదండ్రులూ. యూనిట్ టెస్టు తర్వాత సెక్షన్ల సంగతి మళ్ళీ చూస్తామన్నారు. చూడాలి.

మాస్టారు చెప్పిన పని నిన్న చేశాం. బాల్కనీలో బట్టల తీగకి పురికొస కట్టి, ఒక చిన్న తాళం, మా బీరువా తాళం ఇచ్చాను. ఫోన్‌లో స్టాప్‌వాచ్. మొదట రెండూ మార్చేశాడు, మాస్టారు చెప్పినట్టే. “బరువుదే అమ్మా” అన్నాడు. నాకు నోటిదాకా వచ్చింది, నీలిమగారి మాట గుర్తొచ్చి ఆపుకున్నా. “సరే, నాకు నమ్మకం కుదిరేలా చూపించు” అన్నానంతే. నాలుగైదుసార్లు కట్టాడు, విప్పాడు. ఉన్నట్టుండి ఆగి, “కాదు కాదు, తాడు కూడా మారిపోయింది” అని మొదటి నుంచి మొదలుపెట్టాడు. నోట్‌బుక్ వాడే తెచ్చుకున్నాడు. మీటరు తాడుకి పది ఊపులు 20 సెకన్లు, ఏ తాళానికైనా. పావు మీటరుకి 10. పొడవు నాలుగో వంతు చేస్తే టైము సగమే ఎందుకయిందని అడుగుతున్నాడు.

పాలకొల్లు_మాస్టారు
వర్గమూలం అన్న మాట మీరు అనకండి తల్లీ. తాడు తొమ్మిదో వంతు చేస్తే ఎంతవుతుందో ముందే ఊహించి రాసి, తర్వాత కొలవమనండి.

కూకట్‌పల్లి_అమ్మ
అలాగే మాస్టారూ. ఇంకోటి కూడా అడిగాడు. పార్కులో ఉయ్యాల మీద కూర్చుని ఊగితే ఒకలా, నిలబడి ఊగితే ఇంకా త్వరగా ఊగుతుందట. బరువు అదే, గొలుసు అదే, మరి ఏం మారింది అని. నాకూ తెలియదు, మావారికీ తెలియదు.

లెక్కల_రాజు
నాకు తెలుసు. చెప్పమంటారా మాస్టారూ?

పాలకొల్లు_మాస్టారు
వద్దు. ఆదివారం పార్కుకి తీసుకెళ్ళమనండి.